గరిక, ప్లాస్టిక్ గడ్డి, మా లడ్డూ

“గడ్డివాము దగ్గర కుక్క” సామెత మీ అందరికీ తెలిసిందే. తాను తినదు, ఆవును తిననివ్వదు. ఆ సామెత కట్టిన పెద్దలు మా లడ్డూను చూసి ఉంటే కొంచెం సవరించేవారేమో. మా లడ్డూ గడ్డి తింటుంది. తినగలిగినంత తిని, మిగిలినదాని మీద ఉచ్చ పోసి మాడుస్తుంది. మాడిన చోట కాళ్ళతో గీరి గుంట చేస్తుంది. ఆ గుంటలోని ఎర్రమట్టి నాలుగు పాదాలకూ పూసుకుని లోపలికి వచ్చి, మా ఆవిడ ముచ్చటపడి కొనుక్కున్న తివాచీ మీద పడుకుంటుంది.

లడ్డూ నిజానికి మా అమ్మాయి కుక్క. 2020లో బడులు మూతపడి, పిల్ల రోజంతా గదిలో కంప్యూటర్ ముందు ఒంటరిగా కూర్చుంటుంటే చూడలేక తెచ్చాం. “అంతా నేనే చూసుకుంటాను నాన్నా” అని మాటిచ్చింది. 2022 ఆగస్టు దాకా నిలబెట్టుకుంది కూడా. ఆ నెలలో కాలేజీ చదువుకి బ్లాక్స్‌బర్గ్ వెళ్ళిపోయింది. కుక్క మాకు మిగిలింది.

2024 వేసవిలో మా పెరట్లో ఆరువందల చదరపు అడుగుల నేల తవ్వించి ప్లాస్టిక్ గడ్డి పరిపించాం. అంతకు ముందు రెండేళ్ళు నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోవడం లేదో మా ఆవిడకి సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ కారణం వెతుక్కుంటూ గడ్డి చరిత్ర చదవడం మొదలుపెట్టాను. చదివినదీ, మా పెరట్లో జరిగినదీ కలిపి ఇక్కడ చెబుతాను.

*

మాది పాత ప్రకాశం జిల్లాలో కనిగిరి పక్కన ఒక మెట్ట ఊరు. మా ఇంటి ముందు గడ్డి ఉండేది కాదు. ఉండనిచ్చేవాళ్ళు కాదు. తెల్లవారకముందే అమ్మ వాకిలి ఊడ్చి, పేడనీళ్ళు కళ్ళాపి చల్లి, ముగ్గు వేసేది. వానాకాలంలో ఒక పోచ కనిపించినా వంగి పీకి అవతల పారేసేది. గడ్డికి వేరే చోట్లున్నాయి: చేను గట్టు, బీడు, వాము. వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో దీపం పెట్టే దిక్కు లేదని అర్థం.

అలాంటి ఇంటినుంచి వచ్చిన నేను 1999లో వర్జీనియాలో, వాషింగ్టన్‌కి పడమరగా ఉన్న ఆష్‌బర్న్‌లో ఇల్లు కొన్నాను. మేము చేరే వారం ముందు ఒక లారీలో గడ్డి వచ్చింది, చాప చుట్టల్లా చుట్టుకుని. పనివాళ్ళు వాటిని విప్పి ఎర్రమట్టి మీద పరిచి వెళ్ళిపోయారు. సాయంత్రానికి అక్కడ వందేళ్ళనుంచి పచ్చిక ఉన్నట్టు కనిపించింది.

2001 వేసవిలో నాన్న పోయారు. కర్మకాండలన్నీ ముగించుకుని ఐదు వారాల తర్వాత తిరిగి వచ్చాం. పోస్టుడబ్బాలో ఉత్తరాల మధ్య మా కాలనీ సంఘం వారి నోటీసు ఒకటి ఉంది. మీ ఇంటి ముందు గడ్డి హద్దు మించి పెరిగింది, పది రోజుల్లో కోయకపోతే జరిమానా అని. సూట్‌కేసులు లోపల పెట్టకుండానే గరాజ్ తెరిచి, గుండు మీద టోపీ పెట్టుకుని గడ్డి కోశాను. ఆ రోజు నాకు ఒక సంగతి తట్టింది. మా ఊళ్ళో వాకిట్లో గడ్డి మొలిస్తే దిక్కులేని కొంప అంటారు. ఇక్కడ గడ్డి మోకాలెత్తు పెరిగితే అదే మాట అంటారు. మా ఇంట్లో నిజంగానే ఒక దిక్కు పోయింది. ఆ మాట గడ్డి ముందే చెప్పేసింది.

అప్పటినుంచీ ఇరవైమూడేళ్ళు ఆ గడ్డిని నేనొక వ్రతంలా సాకాను. మళ్ళీ ఉత్తరం రానివ్వలేదు.

*

ఇంతకీ ఈ లాన్ అనేది అమెరికాకి కూడా అరువు సరుకే. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో జమీందార్లు తమ బంగళాల ముందు ఎకరాలకి ఎకరాలు పంట లేకుండా పచ్చికగా వదిలేవారు. “మాకు ఈ నేల మీద తిండి పండించాల్సిన గతి పట్టలేదు” అని చెప్పుకోవడం అది. కోయడానికి కొడవళ్ళు పట్టిన కూలీలైనా ఉండాలి, మేయడానికి గొర్రెలైనా ఉండాలి. మా ఇంటినుంచి గంట ప్రయాణంలో ఉన్న మౌంట్ వెర్నన్‌లో జార్జి వాషింగ్టన్ ఇంటి ముందు అలాంటి పచ్చిక మైదానం ఇప్పటికీ ఉంది. దాన్ని చదునుగా ఉంచినవాళ్ళు బానిసలు. మొదటి ప్రపంచయుద్ధం నాటికి కూడా అధ్యక్షుడు వుడ్రో విల్సన్ వైట్‌హౌస్ పచ్చికలో గొర్రెల్ని మేపించి, వాటి ఉన్ని రెడ్‌క్రాస్ నిధికోసం వేలం వేయించాడు.

బానిసల గుడిసెల ముందు మాత్రం పచ్చిక ఉండేది కాదు. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారి ఇళ్ళ ముందు మట్టిని చెట్టుకొమ్మల చీపుర్లతో గీతలు పడేలా ఊడ్చేవారు. గడ్డి మొలిస్తే పీకేసేవారు. పాములు కనిపిస్తాయి, నిప్పు అంటుకోదు, పిల్లలు కూర్చుంటారు. ఇది పశ్చిమాఫ్రికానుంచి వాళ్ళు తెచ్చుకున్న అలవాటని చరిత్రకారులు అంటారు. ఈ సంగతి చదివినప్పుడు మా అమ్మ వంగి పోచ పీకుతున్నట్టే అనిపించింది.

గొర్రెలూ కూలీలూ లేని మామూలు సంసారులకి లాన్ అందుబాటులోకి తెచ్చింది ఒక యంత్రం. 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ దగ్గర ఎడ్విన్ బడ్డింగ్ గడ్డి కోసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఉన్ని మిల్లుల్లో బట్ట మీద లేచిన నూగును కత్తిరించే మరను చూసి అతనికి ఆ ఊహ వచ్చింది. ఈ చిన్న సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ దీని అవసరం పడుతుంది. ఇక 1947లో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలండ్‌లో లెవిట్‌టౌన్ అనే కాలనీ లేచింది. ఒకే మోస్తరు ఇళ్ళు, ఒకే మోస్తరు పచ్చిక. వేసవి పొడుగునా వారానికోసారి గడ్డి కోయాలని ఒప్పందంలోనే రాశారు. తెల్లవాళ్ళు కానివాళ్ళని ఉండనివ్వకూడదన్న షరతు కూడా మొదట్లో ఆ కాగితాల్లోనే ఉండేది. నాకొచ్చిన నోటీసుకి వంశవృక్షం గీస్తే వేళ్ళు అక్కడ తేలతాయి.

2005లో నాసాలో పనిచేసిన శాస్త్రజ్ఞులు ఉపగ్రహ చిత్రాల సాయంతో లెక్కవేసి, అలాస్కా, హవాయి కాక మిగిలిన అమెరికాలో పచ్చిక విస్తీర్ణం సుమారు 1,63,800 చదరపు కిలోమీటర్లని తేల్చారు. అంటే దాదాపు ఇప్పటి ఆంధ్రప్రదేశ్ అంత. శ్రీకాకుళంనుంచి అనంతపురం దాకా ఒక్క గింజా పండించకుండా గడ్డి పెంచి, వారంవారం కోసి పారేయడాన్ని ఊహించుకోండి.

మా ఆష్‌బర్న్ కూడా ఒకప్పుడు పండిన నేలే. 1896 దాకా దీని పేరు ఫామ్‌వెల్. బానిసలతో సాగు చేయించిన ఒక ఎస్టేటు పేరు అది. 1860లో రైలు వచ్చింది, పాల క్యాన్లు ఎక్కించుకుని పోయేది. 1962లో పక్కనే డల్లస్ విమానాశ్రయం తెరిచారు. 1968లో రైలు ఆగిపోయింది. పట్టాలు పీకిన చోటే ఇప్పుడు మేము సాయంత్రాలు నడిచే కాలిబాట. 1990లలో ఇంటర్నెట్ కంపెనీలు వచ్చాయి, వాటి వెనుక మాలాంటివాళ్ళం వచ్చాం, మా వెనుక కిటికీల్లేని డేటా సెంటర్లు వచ్చాయి. ఆవులు మేసిన చోట పచ్చిక మిగిలింది గాని, మేయడానికి ఎవరూ మిగల్లేదు. మా లడ్డూ తప్ప.

*

2003లో అమ్మ మొదటిసారి వచ్చింది. ఇంటి చుట్టూ తిరిగి చూసి, “ఇంత గడ్డి పెట్టుకుని ఒక్క బర్రె లేదేమిరా” అంది. తర్వాత కంచె పక్కన వంగి ఒక పోచ తెంపి, కళ్ళకద్దుకుని, “గరిక!” అంది.

నేను చూసి ఉన్నాను దాన్ని. మందు కొట్టడానికి వచ్చే కుర్రాడు దాన్ని కలుపు అని, వైర్‌గ్రాస్ అని తిడుతుండేవాడు. పుస్తకాల్లో పేరు బెర్ముడా గ్రాస్. పేరు బెర్ముడాది గాని ఊరు అది కాదు. వృక్షశాస్త్రంలో సైనోడాన్ డాక్టిలాన్. ఆఫ్రికా, ఆసియా ఖండాలది. పద్దెనిమిదో శతాబ్దంలో ఇక్కడికి చేరింది. అంటే వినాయకచవితి నాడు ఇరవైయొక్క పత్రుల్లో మనం దూర్వాయుగ్మం అని సమర్పించే గరికే. నాకంటే రెండు వందల ఏళ్ళు ముందుగా వచ్చి, పాస్‌పోర్టు లేకుండా స్థిరపడింది. ఆ ఏడు చవితికి మా కంచె పక్క గరికతోనే పూజ జరిగింది. నేను ఆ చోట నాలుగు ఇటుకలు అడ్డం పెట్టి, మందు కొట్టే కుర్రాడిని అటు రావద్దన్నాను.

ఈ గరిక కథలో మన మెట్ట రైతుకు పరోక్షంగా చుట్టమైన ఒక పెద్దమనిషి ఉన్నాడు. పేరు గ్లెన్ బర్టన్. 1936నుంచి జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో పనిచేశాడు. పత్తి రైతులు శాపనార్థాలు పెట్టే గరికను తీసుకుని, సంకరం చేసి, మొదట మంచి పశుగ్రాసం, ఆ తర్వాత ఆటమైదానాలకి పనికొచ్చే మెత్తటి రకాలు తయారుచేశాడు. వాటిలో ఒకటి 1960లో వచ్చిన టిఫ్‌వే 419. అదే బర్టన్ సజ్జ మీద కూడా పనిచేశాడు. ఆయన తయారుచేసిన టిఫ్ట్ 23ఎ అనే తల్లిరకం మన దేశానికి చేరింది. దాంతో లూథియానాలో 1965లో హెచ్.బి.1 అనే మొదటి హైబ్రిడ్ సజ్జ విడుదలైంది. దిగుబడులు బాగా పెరిగాయి. 1970లు వచ్చేసరికి వెర్రికంకి తెగులు తగిలి ఆ తొలి రకాలు దెబ్బతిన్నాయి. నా చిన్నప్పుడు మా నాన్న “హైబ్రీడు సజ్జ” అని ఆ మాటను గౌరవంగా పలికేవారు. ఆ విత్తనం వెనుక ఉన్న చేతులే అమెరికా ఆటమైదానంలో గరికను పరిచాయని ఆయనకి తెలియదు. నాకూ మొన్నమొన్నటిదాకా తెలియదు.

1965లో హ్యూస్టన్‌లో ఆస్ట్రోడోమ్ తెరిచారు. పైకప్పు ఉన్న అంత పెద్ద క్రీడాస్థలం అప్పటికి ప్రపంచంలో లేదు. కప్పుకి అద్దాల్లాంటి పలకలు బిగించి, లోపల టిఫ్‌వే 419, అంటే మన గరిక సంతానాన్నే నాటారు. పగటిపూట ఆ పలకల మెరుపుకి బేస్‌బాల్ ఆటగాళ్ళకి గాలిలో బంతి కనబడలేదు. పలకలకి రంగు పూశారు. రంగు పూసేసరికి ఎండ తగ్గి గడ్డి చచ్చిపోయింది. చచ్చిన గడ్డికి ఆకుపచ్చ రంగు కొట్టి ఆ సీజన్ లాగించారు. 1966లో మోన్సాంటో కంపెనీవారి నైలాన్ గడ్డి తెచ్చి పరిచారు. బీటీ పత్తి వల్ల మన రైతులకి తెలిసిన ఆ మోన్సాంటోయే. అప్పటిదాకా దాని పేరు కెమ్‌గ్రాస్. ఆస్ట్రోడోమ్‌కి వచ్చాక ఆస్ట్రోటర్ఫ్ అయింది.

అసలు ఆ సరుకు పుట్టింది పెద్ద స్టేడియాల కోసం కాదు. పల్లెటూరి కుర్రాళ్ళతో పోలిస్తే పట్నం పిల్లలకి ఆడుకునే నేల లేక ఒంట్లో సత్తువ తగ్గుతోందని 1950లలో ఇక్కడ పెద్ద బెంగ. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో నడిచిన ఒక సంస్థ దీనికి ఉపాయం వెతికింది. 1964లో ప్రావిడెన్స్ పట్నంలోని మోజెస్ బ్రౌన్ స్కూల్లో మొదటిసారి కెమ్‌గ్రాస్ పరిచారు. మొదట పిల్లలకోసం, తర్వాత ఆటగాళ్ళకోసం, ఇప్పుడు కుక్కలకోసం. నేయడం మాత్రం తివాచీ నేసినట్టే. అమెరికా తివాచీల రాజధాని డాల్టన్ పరిసరాలే ఇవాళ ఈ గడ్డికీ పుట్టిల్లు. బట్ట నూగు కత్తిరించే మరనుంచి గడ్డి కోసే యంత్రం వచ్చిందన్నానా? నూటముప్పై ఏళ్ళకి తివాచీ మగ్గంనుంచి గడ్డే వచ్చింది.

*

మా పెరట్లో పని రెండు రోజులు జరిగింది. స్పానిష్ మాట్లాడే నలుగురు మనుషులు వచ్చి ముందు నాలుగంగుళాల లోతు గడ్డీ మట్టీ తవ్వి ఎత్తిపోశారు. మా ప్రాంతపు జిగురు మట్టిలో నీళ్ళు ఇంకవు, ఆ కుక్క ఉచ్చా ఇంకదు. అందుకని కంకర, దాని మీద సన్న రాతిపొడి పోసి, వెనక్కి కొద్దిగా వాటం ఇచ్చి, యంత్రంతో దిమ్మిస కొట్టారు. పైన కలుపు రాకుండా ఒక గుడ్డ, దాని మీద గడ్డి చాపలు. పోచల వాలు అన్నిటికీ ఒకే వైపుకి ఉండాలట, లేకపోతే అతుకు కనబడుతుంది. అతుకుల కింద పట్టీ వేసి జిగురు పూశారు, అంచుల చుట్టూ మేకులు కొట్టారు. చివరికి జియోలైట్ అనే ఖనిజపు గుళికలు చల్లి చీపురు యంత్రంతో పోచల మధ్యకి దింపారు. ఉచ్చలోని అమ్మోనియాను అవి పట్టుకుంటాయి, వాసన తగ్గుతుంది. చాప అడుగున చిల్లులుంటాయి కాబట్టి తడి కిందికి దిగిపోతుంది.

మొదటి వారం లడ్డూ దాని మీద అడుగు పెట్టలేదు. అంచున నిలబడి వాసన చూసేది, నా ముఖం చూసేది. అసలు గడ్డిని అది మాడ్చిందీ పగతో కాదు. ఉచ్చలో యూరియా ఎక్కువ. మోతాదు మించి యూరియా చల్లితే పైరు మాడదూ? అంతే. మచ్చ చుట్టూ వలయంగా గడ్డి మాత్రం ఏపుగా పెరిగేది. రైతుబిడ్డని, నాకు ముందే అర్థం కావాల్సింది.

జులై మధ్యాహ్నం ఒకరోజు అది బయటికి వెళ్ళి వెంటనే కాళ్ళెత్తుకుంటూ పరుగెత్తుకొచ్చింది. వెళ్ళి అరచేయి ఆనిస్తే నిలవలేదు. యూటాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయంలో 2002లో కొలిచి చూశారు. గాలి 98 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉన్న రోజున ప్లాస్టిక్ గడ్డి పైభాగం 200 డిగ్రీలకి చేరింది. తారు రోడ్డు కంటే వేడి. నీళ్ళు కొడితే చల్లబడుతుంది గాని కాసేపే. గడ్డి తన తడితో తనను చల్లబరుచుకుంటుంది, ప్లాస్టిక్‌కి ఆ విద్య రాదు. అందుకే మాలాగా చేయదలుచుకున్నవారికి ఒక మాట: నీడ ఉన్న చోట వేయించుకోండి, నీళ్ళ కుళాయి దగ్గరగా ఉంచుకోండి, మధ్యాహ్నం కుక్కని వదలకండి. ఇది పదీ పదిహేనేళ్ళు ఉంటుందంటారు. ఆ తర్వాత మట్టిలో కలవదు, చెత్తకుప్పకే పోవాలి. ఈ సంగతి తెలిసే వేయించాం కాబట్టి దాని గురించి నీతులు చెప్పే హక్కు నాకు లేదు.

వాసన రాకుండా రోజూ కడగాలి. అందుకని ఇప్పుడు నేను పొద్దున్నే లేచి, రాలిన ఆకులూ లడ్డూ వెంట్రుకలూ చీపురుతో ఊడ్చి, గొట్టంతో నీళ్ళు చల్లుతున్నాను. పక్కింటి అమెరికన్ పెద్దాయన కంచె పైనుంచి చూసి నవ్వుతుంటాడు.

ఒక ఆదివారం అమ్మకి వీడియోలో చూపించాను. ఎనభైనాలుగేళ్ళు, ఒంగోలులో తమ్ముడి దగ్గర ఉంటోంది. ప్లాస్టిక్ అంటే తిడుతుందనుకున్నాను. ఫోన్ దగ్గరికి లాక్కుని చూసి, “ఊడ్చి నీళ్ళు చల్లుతున్నావా? ఇన్నేళ్ళకి మనిషున్న ఇల్లులా ఉంది” అంది. నాకు నోట మాట రాలేదు. రెండేళ్ళుగా నేను వెతుకుతున్న కారణం అమ్మ ఒక్క మాటలో చెప్పింది. 2001లో ఆ ఉత్తరం చదివిన రోజునుంచీ, మా ఇంట్లో మనిషి ఉన్నాడని వీధికి చెప్పుకోవడానికే నేను గడ్డి కోస్తున్నాను. గడ్డి తీసేస్తే ఆ మాట ఎలా చెప్పాలో తెలియక ఒప్పుకోలేదు.

అంతలోనే అమ్మ, “అవున్రా, కంచె పక్కన గరిక ఏది?” అంది.

కెమెరా అటు తిప్పాను. నాలుగు ఇటుకలు గోడకి చేరేసి ఉన్నాయి. వాటి మధ్య చోటు మీద కూడా ప్లాస్టిక్ గడ్డి పరుచుకుని ఉంది. తవ్వే మనుషులకి ఆ మూల వదిలేయమని చెప్పడం మర్చిపోయాను. ఇంత చరిత్ర చదివి, బర్టన్ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకుని, పనిరోజున నా ఇంటి గరికను మర్చిపోయాను. 2022లో అమ్మ చివరిసారి వచ్చినప్పుడు దాని దగ్గర కుర్చీ వేసుకుని, “కుక్క తాకిన గరిక పూజకి ఎట్లా కోస్తార్రా” అని లడ్డూను చేతికర్రతో అదిలిస్తూ కాపలా కాసింది. ఆ గరికను.

నేను తలెత్తలేదు. వెనకనుంచి మా ఆవిడ వచ్చి ఫోన్ తీసుకుంది. “తవ్వేవాళ్ళు వచ్చే ముందురోజే నేను పెళ్ళగించి కుండీలో పెట్టానత్తయ్యా. ఈయనకి చెప్పలేదు, చెబితే దాని మీద కూడా ఏదో ఒకటి చదువుతూ కూర్చుంటారని” అంది. డెక్ మీద, లడ్డూకి అందని ఎత్తులో, పాత పెరుగు బకెట్‌లో గరిక అంచులు దాటి కిందికి పాకుతోంది.

అమ్మ చాలాసేపు దాన్నే చూసింది. “చవితికి ఇంకా నెలుంది. రోజూ రెండు చెంబులు నీళ్ళు పొయ్యండి” అంది. తర్వాత, కొంచెం ఆగి, “ఆ కుక్కకీ నీళ్ళు పెట్టండి, ఎండగా ఉన్నట్టుంది” అంది.